పాకెట్ మనీ

పాకెట్ మనీ అనగా తల్లిదండ్రులు లేదా సంరక్షకులు పిల్లల సొంత ఖర్చుల నిమిత్తం వారి చేతికి ఇచ్చే డబ్బు. దీనిని చేతిఖర్చు, జేబుఖర్చు అని కూడా అంటారు. చిన్నపిల్లలకు ఇచ్చే చిల్లర సైతం ఈ మాట కిందికే వస్తుంది. అయితే ఎంత ఇవ్వాలి అనే ప్రశ్న గట్టిగా ఎదురయ్యేది కౌమార దశలో, అనగా సుమారు 13 నుండి 19 సంవత్సరాల వయస్సులో. ఈ వయస్సు పిల్లలు ఒంటరిగా ప్రయాణం చేస్తారు, స్నేహితులతో కలిసి బయట తింటారు, తమకు కావలసిన వస్తువులను తామే ఎంచుకొంటారు. సంపాదన మాత్రం ఉండదు.

హైదరాబాదు నగరంలోని తార్నాక, దానిని ఆనుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం ఈ విషయాన్ని గమనించడానికి అనువైన ప్రదేశాలు. ఇక్కడ మూడు రకాల విద్యార్థులు ఒకే వీధులలో తిరుగుతారు. మొదటివారు ఇంటి దగ్గర ఉండి చదువుకునే ఉద్యోగుల పిల్లలు. రెండవవారు జిల్లాల నుండి వచ్చి వసతిగృహాలలోనో, అద్దె గదులలోనో ఉండేవారు. మూడవవారు ప్రభుత్వ సంక్షేమ వసతిగృహాలలో ఉండేవారు. మొదటివారి చేతిఖర్చును ఇంట్లోవారు దాదాపు ప్రతిరోజూ నిర్ణయిస్తారు. రెండవవారికి నెల మొత్తానికి ఒకేసారి డబ్బు వస్తుంది, పంపకం వారే చేసుకోవాలి. మూడవవారికి ఎంత అన్నది ప్రభుత్వ ఉత్తర్వు చెబుతుంది.

ఈ మూడింటిలోనూ మొత్తము కంటే ముందు తేలవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆ డబ్బులో నుండి ఏయే ఖర్చులు పెట్టుకోవాలి అన్నదే అది. ఇది తేలనంత వరకు నెలకు 500 రూపాయలు ఎక్కువో తక్కువో చెప్పడం సాధ్యం కాదు.

పేరు

ఆంగ్లం నుండి వచ్చిన పాకెట్ మనీ అన్న మాటే నేడు పట్టణాలలో ఎక్కువగా వాడుకలో ఉన్నది. జేబుఖర్చు అన్నది ఉర్దూలోని జేబ్ ఖర్చ్ నుండి వచ్చినది. చేతిఖర్చు అన్న మాట పిల్లలకే పరిమితం కాదు. ఊరు వెళ్ళే పెద్దవారు దగ్గర ఉంచుకునే డబ్బును కూడా అలాగే అంటారు. తెలంగాణ ప్రాంతపు ఇళ్ళలో పిల్లలు సాధారణంగా "పైసలు" అనే అడుగుతారు.

తెలుగువారి ఇళ్ళలో నియమిత పాకెట్ మనీ కంటే పాతది మరొక ఆచారం. ఇంటికి వచ్చిన బంధువులు తిరిగి వెళ్ళేటప్పుడు పిల్లల చేతిలో కొంత డబ్బు పెట్టడం. ముస్లిం కుటుంబాలలో రంజాన్ పండుగ నాడు పెద్దలు పిల్లలకు ఇచ్చే డబ్బును ఈదీ అంటారు. ఇటువంటి డబ్బును మట్టి ముంతలో దాచుకునేవారు. దీనిని తెలంగాణలో గల్లగురిగి అంటారు. పగలగొడితే తప్ప డబ్బు బయటకు రాకపోవడం దీని ప్రత్యేకత. ఈ డబ్బు ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో తెలియదు కనుక దీనిపై ఆధారపడి ఏ ఖర్చునూ ముందుగా అనుకోవడం కుదరదు. పాకెట్ మనీకి, కానుకకు ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

చరిత్ర

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో ఏర్పడినది. ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైనది. ఆ కాలంలో హైదరాబాదు సంస్థానానికి సొంత నాణెం ఉండేది. దీనిని హాలీ సిక్కా లేదా ఉస్మానియా సిక్కా అనేవారు. సుమారు 7 హాలీ రూపాయలు 6 బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానం. కాబట్టి సంస్థానం వెలుపలి నుండి డబ్బు తెప్పించుకునే విద్యార్థికి చేతికి వచ్చే రూపాయల సంఖ్య కొంత పెరిగేది. 1950లో భారత రూపాయి ఇక్కడ ప్రవేశించినది. హాలీ సిక్కా చెలామణి 1959లో పూర్తిగా రద్దయినది. ఈ మధ్యలోనే, 1957 ఏప్రిల్ 1 నుండి, రూపాయికి 16 అణాల లెక్క పోయి 100 నయాపైసల లెక్క వచ్చినది.

పేద విద్యార్థికి చేతిఖర్చు అన్న మాటే ఉండేది కాదు. తెలుగు నాట ఎందరో వారాలు చేసుకొని చదువుకొన్నారు. అనగా వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట భోజనం చేసేవారు. ఈ పద్ధతిలో కడుపు నిండేది గాని చేతికి పైసా వచ్చేది కాదు. దీపానికి నూనె, రాసుకోవడానికి కాగితం వంటి వాటికి మరల ఎవరినో అడగవలసి వచ్చేది.

పట్నంలో చదివే పిల్లలకు ఊరి నుండి డబ్బు పంపడానికి దీర్ఘకాలం వాడుకలో ఉన్న సాధనం మనియార్డరు. భారతదేశంలో ఈ తపాలా సేవ 1880లో మొదలైనది. మనియార్డరు ఫారం అడుగున ఒక చిన్న కూపన్ ఉండేది. అందులో పంపేవారు రెండు మూడు వాక్యాలు రాయవచ్చును. తండ్రి హెచ్చరికలు, తల్లి కుశల ప్రశ్నలు, డబ్బు ఎందుకు తగ్గినదో చెప్పే మాటలు అన్నీ ఆ చిన్న చోటనే ఇమడవలసి వచ్చేది. 2000వ దశకంలో దీని కమీషను ప్రతి 20 రూపాయలకు 1 రూపాయి. అనగా నూటికి 5 రూపాయలు తపాలా శాఖకే పోయేవి. దీనివలన తరచుగా కొంచెం కొంచెం పంపినా లాభం లేదు, ఫారాలు నింపే శ్రమ మాత్రం పెరుగుతుంది. నెలకు ఒకసారి పంపే అలవాటు ఇలా స్థిరపడినది. పాత పద్ధతి మనియార్డరు సేవ 2015లో ఆగిపోయినది. డబ్బుతో పాటు బియ్యం, పచ్చళ్ళు, కారప్పొడి బస్సులో పంపడం మాత్రం నేటికీ పోలేదు. చేతిఖర్చు లెక్కలో ఎవరూ చేర్చని ఈ సంచి చాలామంది విద్యార్థుల నెలాఖరును గట్టెక్కిస్తుంది.

తార్నాక, ఉస్మానియా ప్రాంగణం

తార్నాక సికింద్రాబాదు నుండి ఉప్పల్ వెళ్ళే దారిలో ఉన్నది. నిజాం కాలంలో ఇక్కడ తీగ కంచె వేసిన నాకా, అనగా తనిఖీ స్థలం ఉండడం వలన ఈ పేరు వచ్చినదని చెబుతారు. భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ ఇక్కడనే ఉన్నాయి. పక్కనున్న హబ్సిగూడలో సీసీఎంబీ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నాయి. లాలాగూడ వైపు రైల్వే ఉద్యోగుల నివాసాలు కలవు. విశ్వవిద్యాలయ విద్యార్థులు ప్రాంగణంలోని వసతిగృహాలతో పాటు తార్నాక, మాణికేశ్వరినగర్, విద్యానగర్, నల్లకుంట ప్రాంతాలలో గదులు తీసుకొని ఉంటారు.

విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చదివేవారిలో ఎక్కువమంది ఇరవై ఏళ్ళు దాటిన స్నాతకోత్తర విద్యార్థులు. కౌమార వయస్కులు ఎక్కువగా కనిపించేది 1929లో ఏర్పడిన ఇంజనీరింగ్ కళాశాల వంటి చోట్ల. ఇంటర్మీడియట్ ముగించి 17, 18 ఏళ్ళకు ఇక్కడ చేరిన విద్యార్థికి అంతవరకు డబ్బు వాడుక తెలియకపోవచ్చును. రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలో రెండేళ్ళు గడిపి వచ్చినవాడయితే బయటి దుకాణం ముఖం చూసినదే తక్కువ. అటువంటివాని ఖాతాలో మొదటిసారి ఒక నెల డబ్బు ఒకేసారి పడుతుంది. మెస్ బిల్లు, డ్రాఫ్టర్, ల్యాబ్ రికార్డులు, జిరాక్స్ కాగితాలు, ఫోన్ రీచార్జి, ఆదివారం సినిమా అన్నీ అందులో నుండే.

రాకపోకల ఖర్చు ఈ ప్రాంతపు పిల్లల చేతిఖర్చులో పెద్ద భాగం. తార్నాక మెట్రో స్టేషను 2017 నవంబరులో నాగోల్ – అమీర్‌పేట మార్గంతో పాటు ప్రారంభమైనది. 2025 మే నెలలో ఛార్జీలు పెంచి, తరువాత కొద్ది రోజులకే తగ్గింపు ఇచ్చిన పిమ్మట కనీస ఛార్జీ 11 రూపాయలు, గరిష్ఠ ఛార్జీ 69 రూపాయలు అయినవి. కనీస ఛార్జీతోనే రానుపోను రోజుకు 22 రూపాయలు. నెలకు 22 పనిదినాలనుకుంటే 484 రూపాయలు. నెలకు 500 రూపాయలు ఇచ్చి మెట్రోలో వెళ్ళమంటే ఆ పిల్లవానికి మిగిలేది 16 రూపాయలు. అదే ఇంట్లోవారు బస్ పాస్ విడిగా తీసి ఇచ్చి 300 రూపాయలు చేతికి ఇస్తే అతని దగ్గర మొత్తం 300 ఉంటాయి. పైకి చూస్తే మొదటి తండ్రి ఉదారుడుగాను, రెండవ తండ్రి పిసినారిగాను కనిపిస్తారు. పిల్లలు పరస్పరం పోల్చుకునేటప్పుడు కూడా ఇదే పొరపాటు జరుగుతుంది, ఎందుకంటే వారు చెప్పుకునేది మొత్తాన్నే గాని పద్దులను కాదు.

మొత్తమును నిర్ణయించడం

ఇళ్ళలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఒకటి అడిగినప్పుడు ఇవ్వడం, రెండవది ముందే నిర్ణయించిన మొత్తాన్ని నియమిత కాలానికి ఇవ్వడం. తెలుగు కుటుంబాలలో మొదటిదే ఎక్కువ. దీనిలో సౌలభ్యం ఉన్నది: అవసరం లేనప్పుడు డబ్బు ఇవ్వనక్కరలేదు, ఖర్చు ఎక్కడికి పోతున్నదో తెలుస్తుంది. నష్టం కూడా ఉన్నది. ప్రతి ఖర్చుకూ కారణం చెప్పవలసి రావడంతో పిల్లలు చెప్పగలిగిన కారణాలనే చెబుతారు. స్నేహితుని పుట్టినరోజుకు కావలసిన డబ్బు జిరాక్స్ పేరుతో బయటకు వస్తుంది. అంతేకాక, ఎప్పుడు అడిగినా దొరుకుతుంది అనుకునే ఇంట్లో మిగుల్చుకోవడానికి కారణం ఉండదు. మిగిల్చినవానికి మరుసటిసారి తక్కువ ఇస్తే అతడు మిగల్చడం మానివేస్తాడు.

నియమిత మొత్తానికి వచ్చే కుటుంబాలు సాధారణంగా ఒక నెల పాటు అంతకు ముందు ఇచ్చిన ప్రతి రూపాయిని రాసి చూస్తాయి. ఆ జాబితాను మూడుగా విడదీయడం మంచి పద్ధతి. ఫీజులు, పుస్తకాలు, మందులు, బస్ పాస్, బట్టలు, బాలికల శానిటరీ ప్యాడ్లు ఇంటి ఖర్చు. వీటిని పాకెట్ మనీలో కలిపితే పిల్లలు ఐస్‌క్రీం కోసం మందు మానివేసే పరిస్థితి రావచ్చును. చిరుతిండి, సినిమా, కానుకలు, ఆటవస్తువులు పిల్లల ఖర్చు. ఈ రెండింటి మధ్య వచ్చేవి ఫోన్ రీచార్జి, కాలేజీ దగ్గరి టిఫిన్, జిరాక్స్ వంటివి. తగాదాలు ఎక్కువగా వచ్చేది ఈ మధ్య భాగంలోనే. వీటిని ఎవరి లెక్కలో వేసినా ఫరవాలేదు గాని నెల మధ్యలో మార్చరాదు.

ఎన్ని రోజులకు ఒకసారి ఇవ్వాలి అన్నది వయస్సును బట్టి ఉంటుంది. పదమూడేళ్ళవానికి నెల చాలా దూరం. వారానికి ఇచ్చి, ఒకటి రెండు సంవత్సరాలలో పదిహేను రోజులకు, ఇంటర్మీడియట్ నాటికి నెలకు మార్చే పద్ధతి కొన్ని ఇళ్ళలో ఉన్నది. వసతిగృహానికి వెళ్ళబోయే పిల్లలకు దీని విలువ ఎక్కువ. నెల డబ్బును పది రోజులలో ఖర్చు చేసిన అనుభవం ఇంట్లో ఉండగా కలిగితే మిగిలిన ఇరవై రోజులు అన్నం దొరుకుతుంది.

కుటుంబ ఆదాయం, పిల్లల సంఖ్య సహజంగానే హద్దులు గీస్తాయి. భారత చట్టాలలో పాకెట్ మనీ అన్న హక్కు ఏదీ లేదు. అయితే 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం మైనరు పిల్లలను పోషించడం తల్లిదండ్రుల బాధ్యతగా చెబుతుంది. భరణం ఎంత అన్నది న్యాయస్థానం నిర్ణయించేటప్పుడు ఉభయుల స్థితిగతులను, పొందేవారి సమంజసమైన అవసరాలను, పోషణకు హక్కు గల వారి సంఖ్యను చూడాలని కూడా చెబుతుంది. ఇంట్లో కూర్చొని చేతిఖర్చు లెక్క వేసే తల్లిదండ్రులు చూసేవి కూడా దాదాపు ఇవే.

మార్కులకు డబ్బును ముడిపెట్టడం గురించి భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. మంచి మార్కులకు కానుక ఇవ్వడం వేరు, మార్కులు తగ్గినందుకు నెల డబ్బు ఆపడం వేరు. రెండవ దానిలో చదువుకూ డబ్బుకూ రెండింటికీ నష్టమే, ఎందుకంటే టిఫిన్ డబ్బు లేని విద్యార్థి మార్కులు పెరగవు. ఇంటి పనికి కూలి ఇవ్వడం పాశ్చాత్య దేశాలలో పాత చర్చ. అమెరికా సామాజిక శాస్త్రవేత్త వివియానా జెలైజర్ 1985లో ప్రచురించిన గ్రంథంలో 20వ శతాబ్దపు తొలి దశకాలలో అక్కడ పిల్లల సంపాదన తగ్గి దాని స్థానంలో తల్లిదండ్రులు ఇచ్చే డబ్బు ఎలా వచ్చినదో వివరించినది. తెలుగు ఇళ్ళలో ఇంటి పనికి డబ్బు ఇవ్వడం అరుదు. కొట్టుకు పంపినప్పుడు మిగిలిన చిల్లరను ఉంచుకోనివ్వడం మాత్రం అందరికీ తెలిసినదే.

నియమిత మొత్తం అలవాటు ఏమి మారుస్తుంది అన్న దానిపై కెనడాలో ఒక ప్రయోగం జరిగినది. అబ్రమోవిచ్, ఫ్రీడ్‌మన్, ప్లైనర్ అనే పరిశోధకులు దీనిని 1991లో ప్రచురించారు. 6 నుండి 10 ఏళ్ళ పిల్లలకు 4 డాలర్లు ఇచ్చి ఒక ప్రయోగాత్మక బొమ్మల దుకాణంలో వదిలారు. కొందరికి నగదుగాను, కొందరికి క్రెడిట్ కార్డు రూపంలోను ఇచ్చారు. ఖర్చు చేయని డబ్బు వారిదే. ఇంట్లో నియమితంగా డబ్బు అందే పిల్లలు నగదయినా కార్డయినా దాదాపు ఒకే విధంగా ఖర్చు చేశారు. అలా అందని పిల్లలు కార్డు ఉన్నప్పుడు ఎక్కువ ఖర్చు చేశారు. ఆ పిల్లలు చిన్నవారు, దేశం వేరు. అయినా ఫోన్‌తో చెల్లింపులు చేసే నేటి పిల్లల విషయంలో ఇది గుర్తుంచుకోదగినది.

ప్రభుత్వం నిర్ణయించే మొత్తాలు

తెలంగాణ సంక్షేమ వసతిగృహాలు, గురుకులాలలో ఉండే పిల్లలకు భోజనం కోసం డైట్ ఛార్జీలు, సబ్బు, తలనూనె వంటి వాటి కోసం కాస్మెటిక్ ఛార్జీలు అని రెండు పద్దులు ఉన్నాయి. రెండవదే ఇంట్లో లేని పిల్లలకు చేతిఖర్చుకు దగ్గరగా వచ్చేది. దీర్ఘకాలం పాటు ఇది బాలురకు నెలకు 62 రూపాయలు, 3 నుండి 7వ తరగతి బాలికలకు 55 రూపాయలు, 8 నుండి 10వ తరగతి బాలికలకు 75 రూపాయలుగా ఉండినది. 62 రూపాయలంటే రోజుకు రెండు రూపాయల పైచిలుకు. సబ్బు ధర పెరిగిన ప్రతిసారీ ఇంట్లో ఉన్న పిల్లవాడు తల్లిని అడుగుతాడు. వసతిగృహంలోని పిల్లవాడు అడగడానికి ఉత్తర్వు తప్ప మరొకటి లేదు.

2024 నవంబరు 1 నుండి అమలయిన సవరణలో బాలికలకు ఈ మొత్తాలు 175, 275 రూపాయలుగాను, బాలురకు వయస్సును బట్టి 150, 200 రూపాయలుగాను పెరిగినవి. డైట్ ఛార్జీలు 3 నుండి 7వ తరగతి వరకు 950 నుండి 1,330కి, 8 నుండి 10వ తరగతి వరకు 1,100 నుండి 1,540కి, ఇంటర్మీడియట్ నుండి పైచదువులకు 1,500 నుండి 2,100కు పెరిగినవి. పెరిగిన తరువాత కూడా పెద్ద బాలురకు రోజుకు ఏడు రూపాయల లోపే. అయితే ఈ విధానంలో చాలా ఇళ్ళలో లేని రెండు లక్షణాలు ఉన్నాయి. వయస్సుతో పాటు మొత్తం పెరగడం, యుక్తవయస్సు బాలికల అవసరాలు ఎక్కువని గుర్తించడం. లోపం కూడా స్పష్టమే: ధరలతో పాటు తనంతట తాను పెరిగే ఏర్పాటు లేకపోవడం.

ఉపకార వేతనాల సంగతి కొంత వేరు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాలకు కేంద్రం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు కోర్సులను నాలుగు వర్గాలుగా విభజించి సంవత్సరానికి 2,500 నుండి 13,500 రూపాయల వరకు భత్యాన్ని నిర్ణయించినవి. వసతిగృహంలో ఉండేవారికి ఇది ఎక్కువ. డబ్బు నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడుతుంది.

దీనికి పక్కనే మరొక లెక్క ఉన్నది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఇద్దరు పిల్లల వరకు, 12వ తరగతి దాకా పిల్లల విద్యా భత్యం లభిస్తుంది. ఇది 2017లో నెలకు ఒక్కొక్కరికి 2,250 రూపాయలు కాగా, కరువు భత్యం 50 శాతానికి చేరడంతో 2024 జనవరి 1 నుండి 2,812.50 రూపాయలు అయినది. ఇది ఉద్యోగికి చదువు ఖర్చు కింద ఇచ్చేదే గాని పిల్లల చేతికి వచ్చేది కాదు. కరువు భత్యం పెరిగినప్పుడు తానే పెరిగేలా దీనిని ముందుగానే ఏర్పాటు చేశారు. తార్నాకలో ఒకే టీకొట్టు ముందు నిలబడే ఇద్దరు పదిహేనేళ్ళ పిల్లల వెనుక ఇటువంటి రెండు వేరువేరు లెక్కలు ఉండవచ్చును.

బాలురు, బాలికలు

2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో బాలికలకు, మహిళలకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ తదితర ఆర్టీసీ బస్సులలో ప్రయాణం ఉచితం. బాలురకు బస్ పాస్ కావాలి. హైదరాబాదులో విద్యార్థుల సాధారణ నెలసరి పాస్ ధర 2022 జూన్‌లో ఒక్కసారిగా 165 నుండి 400 రూపాయలకు పెరిగినది. కాబట్టి ఒకే ఇంట అన్నకు రాకపోకల ఖర్చు ఉండి, చెల్లికి ఉండకపోవచ్చును. బస్ పాస్‌ను ఇంటి ఖర్చుగా పెట్టుకున్న కుటుంబంలో దీనివలన చిక్కు రాదు. ఇద్దరి చేతిఖర్చు సమానంగానే ఉంటుంది. పాస్ డబ్బును చేతిఖర్చులో కలిపిన ఇంట మాత్రం చెల్లెలికి ఆ మేరకు తగ్గించాలా అన్న ప్రశ్న వస్తుంది. తగ్గించినా న్యాయమే అనిపిస్తుంది, కాని ఉచిత బస్సు రాత్రి ఆలస్యమైనప్పుడు, దారిలో ఇబ్బంది ఎదురైనప్పుడు పనికిరాదు. ఆటోకు సరిపడే డబ్బు ఆడపిల్ల దగ్గర ఎప్పుడూ ఉండాలని చాలామంది తల్లులు పట్టుపడతారు. దీనిని ఖర్చు చేయరాని డబ్బుగా విడిగా ఇవ్వడం వాడుక.

ఆడపిల్లకు తక్కువ చేతిఖర్చు ఇవ్వడానికి చెప్పే సాధారణ కారణం ఆమె బయట తిరగదు కనుక అవసరం లేదన్నది. డబ్బు లేకపోవడం కూడా బయట తిరగకపోవడానికి ఒక కారణమే అన్నది ఈ వాదనలో మరుగున పడుతుంది.

తిండి

తార్నాకలోనే మరొక రకమైన "అలవెన్సు" నిర్ణయమవుతుంది. జాతీయ పోషకాహార సంస్థ భారతీయుల ఆహార ప్రమాణాలను తయారు చేస్తుంది. విశ్వవిద్యాలయం వలెనే ఈ సంస్థ కూడా 1918లో పుట్టినది, కాని కూనూరులో. హైదరాబాదుకు 1958లో వచ్చినది. దీని 2020 నాటి ప్రమాణాల ప్రకారం 16 నుండి 18 ఏళ్ళ బాలురకు రోజుకు సగటున 3,320 కిలో కేలరీలు, బాలికలకు 2,500 కిలో కేలరీలు అవసరం. ఈ వయస్సు బాలురకు ఆకలి చాలా ఎక్కువ అన్నమాట. చేతిఖర్చులో ఎక్కువ భాగం తిండికే పోతున్నదని ఫిర్యాదు చేసేవారు ఈ అంకెను చూడవలసి ఉన్నది. ఉదయం ఏడింటికి బయలుదేరి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరే విద్యార్థికి నాలుగు గంటలకు తినే సమోసా విలాసం కాదు. ఇంటి నుండి రెండవ డబ్బా ఇస్తే డబ్బు మిగులుతుంది, నూనె కూడా తగ్గుతుంది. 2024లో ఈ సంస్థ ప్రకటించిన ఆహార మార్గదర్శకాలు కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న పదార్థాలను తగ్గించాలని చెప్పినవి.

ఫోన్ చెల్లింపులు, అప్పులు

2016లో యూపీఐ రావడంతో చేతిఖర్చు చేతిలో కనిపించడం తగ్గినది. పది సంవత్సరాలు దాటిన మైనర్లు బ్యాంకు విధించే పరిమితులకు లోబడి పొదుపు ఖాతాను స్వయంగా నడపవచ్చునని రిజర్వ్ బ్యాంకు 2014లో చెప్పినది. 2025లో ఈ సూచనలను సవరించి మరల విడుదల చేసినది. మైనరు ఖాతాలో ఉన్న డబ్బు కంటే ఎక్కువ తీసుకోవడానికి వీలులేదు. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ సౌకర్యంలో ఖాతాదారు తన ఖాతా నుండి కుటుంబ సభ్యులు చెల్లింపులు చేయడానికి అనుమతించవచ్చును. పూర్తి అనుమతి ఇచ్చినప్పుడు నెలకు 15,000 రూపాయలు, ఒక చెల్లింపుకు 5,000 రూపాయలు పరిమితి.

ఈ పద్ధతులలో ప్రతి టీ, ప్రతి బజ్జీ తండ్రి ఫోన్‌లో కనిపిస్తుంది. నగదుగా ఇచ్చిన రోజులలో డబ్బు ఇచ్చిన తరువాత దాని వినియోగం పిల్లలది. ఇప్పుడు మొత్తం నియమితంగా ఉన్నా లెక్క అడగడం మాత్రం అడిగినప్పుడు ఇచ్చే పద్ధతిలో వలెనే సాగుతున్నది. కొందరు తల్లిదండ్రులు ఈ కారణంగా నెల డబ్బును పిల్లల సొంత ఖాతాకు ఒకేసారి బదిలీ చేసి, ఆపై చూడకుండా ఉండడానికి ఒప్పుకొంటారు.

అసలు ప్రమాదం వేరే చోట ఉన్నది. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం 18 ఏళ్ళకు యుక్తవయస్సు వస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. మైనరు చేసిన ఒప్పందం చెల్లనే చెల్లదని ప్రీవీ కౌన్సిల్ 1903లో మోహరీ బీబీ కేసులో తీర్పు చెప్పినది. 18వ పుట్టినరోజు నుండి ఈ రక్షణ ఉండదు. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో, ఇల్లు వదిలి వచ్చిన కొద్ది నెలలలోనే చాలామందికి ఈ పుట్టినరోజు వస్తుంది. అప్పటి నుండి ఫోన్‌లో తీసుకున్న అప్పు నిజమైన అప్పే. రుణ యాప్‌ల వేధింపులపై 2020 డిసెంబరులో తెలంగాణ పోలీసులు కేసులు నమోదు చేసి పలువురిని అరెస్టు చేశారు. తీసుకున్నవారి ఫోన్‌లోని పేర్లన్నింటికీ సందేశాలు పంపి అవమానించడం ఆ యాప్‌ల ప్రధాన ఆయుధం. 2022లో రిజర్వ్ బ్యాంకు డిజిటల్ రుణాలపై నియమాలు జారీ చేసినది. డబ్బు పందెంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించినది. దేశమంతటికీ వర్తించే చట్టం 2025లో వచ్చినది.

ఇటువంటి అప్పులలో చిక్కుకున్న విద్యార్థి ఇంట్లో చెప్పడానికి భయపడడమే నష్టాన్ని పెంచుతుంది. అందువలన చేతిఖర్చు మొత్తాన్ని నిర్ణయించే రోజుననే మరొక మాట కూడా చెప్పుకోవడం అవసరం: డబ్బు అయిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, అప్పుడు తిట్లు ఎంతవరకు ఉంటాయి అన్నది.

సొంత సంపాదన

1986 నాటి బాలకార్మిక చట్టం 2016 సవరణ ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నిషిద్ధం. కుటుంబ వ్యాపారంలో బడి వేళల తరువాత సహాయం చేయడం వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. 14 నుండి 18 ఏళ్ళ వారిని ప్రమాదకరమైన పనులలో పెట్టుకోరాదు. హైదరాబాదులో చదువుకునే పెద్ద పిల్లలు చిన్న తరగతుల వారికి ట్యూషన్ చెప్పడం, పెళ్ళిళ్ళ రోజులలో క్యాటరింగ్ వడ్డనకు వెళ్ళడం చాలాకాలంగా ఉన్నది. క్యాటరింగ్‌లో ఆ రాత్రి కూలితో పాటు విందు భోజనం కూడా దొరకడం వసతిగృహ విద్యార్థులకు అదనపు ఆకర్షణ.

పిల్లలు ఇలా సంపాదించినప్పుడు ఇంటి నుండి వచ్చే మొత్తాన్ని తగ్గించడం కొన్ని కుటుంబాలలో జరుగుతుంది. ఆదాయం తక్కువగా ఉన్న ఇంట ఇది తప్పనిసరి కావచ్చును. అటువంటి విద్యార్థులలో కొందరు చెల్లెలి ఫీజుకో, ఇంటి ఖర్చుకో తామే ఊరికి డబ్బు పంపుతారు. ఉపకార వేతనం వచ్చిన నెలలో ఇది ఎక్కువగా జరుగుతుంది. ఒకప్పుడు ఊరి నుండి పట్నానికి మాత్రమే వచ్చిన డబ్బు ఇలా అప్పుడప్పుడు ఎదురు దిశలో కూడా ప్రయాణిస్తుంది.